మీకు తెలుసా? నేలలో కేబుల్‌కూ ఇసుక పరుపు కావాలి!

1882లో న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి ఎడిసన్ సరఫరా చేసిన కరెంటు స్తంభాల మీదుగా వెళ్లలేదు. ఇనుప గొట్టాల్లో అమర్చిన రాగి కడ్డీల గుండా, వీధుల కింద నుంచే వెళ్లింది.

మీరూ అలాగే గేటు దగ్గరి మీటరు నుంచి ఇంటికి నేలలో లైను వేయాలంటే గోడల్లో వాడే మామూలు వైరు పనికిరాదు. ఉక్కు తీగల కవచమున్న ఆర్మర్డ్ కేబుల్ తీసుకోవాలి. లోపలి ఇన్సులేషన్ సాధారణ పీవీసీ అయితే 70 డిగ్రీల సెల్సియస్ వరకు, ఎక్స్‌ఎల్‌పీఈ (క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్) అయితే 90 డిగ్రీల వరకు నిరంతరం తట్టుకుంటుంది. అందుకే ఒకే సైజులో ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్ ఎక్కువ కరెంటు మోస్తుంది. దూరం రెట్టింపైతే వోల్టేజి నష్టమూ రెట్టింపే; పొడవైన లైనుకు ఒక సైజు పెద్దది ఎంచుకోవడం మేలు.

లోతు ఎంత? భారతీయ ప్రమాణం ఐఎస్ 1255 ప్రకారం లో వోల్టేజి కేబుల్‌పై కనీసం 75 సెంటీమీటర్ల మట్టి ఉండాలి.

కందకంలో ముందు మెత్తటి ఇసుక పరిచి, కేబుల్ వేసి, మళ్లీ ఇసుక కప్పాలి. లేకుంటే రాళ్ల మొనలు పై తొడుగును చీలుస్తాయి. దానిపై ఇటుకలు, వాటిపైన హెచ్చరిక టేపు పరిస్తే రేపు గడ్డపార వేసేవారికి ముందే తెలుస్తుంది. కవచానికి ఎర్తింగ్ తప్పనిసరి.

పూడ్చేముందు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (ఇన్సులేషన్) పరీక్ష చేయించండి. గోడ నుంచి కేబుల్ ఎంత దూరంలో ఉందో కొలిచి, కందకం ఫొటో తీసి దాచుకోండి.