చదరంగపు గళ్ళలోని సంఖ్య

చదరంగంలో 64 గళ్ళున్నాయి. మొదటి గడిలో ఒక గోధుమ గింజ, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలవుతాయి? ఈ ఆటను కనిపెట్టిన సిస్సా రాజును కోరిన బహుమానం ఇదేనని ఇబ్నె ఖల్లికాన్ (మరణం క్రీ.శ. 1282) తన ‘వఫయాతుల్ ఆయాన్’లో చెప్పాడు. రాజుకు అది స్వల్పమైన కోరికగా తోచింది. ఇబ్నె ఖల్లికాన్ కూడా మొదట ఆ మొత్తాన్ని నమ్మలేదు. అలెగ్జాండ్రియాకు చెందిన ఒక లెక్కలవాడు లెక్కవేసి చూపిన తరువాతనే నమ్మాడు.

ఆ మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. గ్రాముకు 25 గింజల చొప్పున ఇది సుమారు 73,800 కోట్ల టన్నులు. ప్రపంచమంతటా నేడు ఏడాదికి పండే గోధుమ సుమారు 80 కోట్ల టన్నులు. అంటే తొమ్మిది వందల ఏండ్ల పంట చాలదు.

దీనిని గణించడానికి 64 సార్లు కూడనక్కరలేదు. రెండును రెండుతో గుణిస్తే 4. నాలుగును నాలుగుతో గుణిస్తే 16. తరువాత 256, 65,536, 429,49,67,296. మరొక్కసారి, అంటే ఆరవసారి, అదే విధంగా గుణించి ఒకటి తీసివేస్తే చాలు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బీరూనీ తన ‘అల్ ఆసారుల్ బాఖియ’లో ఇటువంటి మార్గంలోనే ఈ సంఖ్యను సాధించాడు. ఇది 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. వీటిలో 641ని 1732లో ఆయిలర్ కనుగొన్నాడు.

ఇదే సంఖ్య తెలుగులోనూ ఉన్నది. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెనిగించిన పావులూరి మల్లన పద్యంగా పండితులు చెప్పే ఒక పద్యంలో ఈ 20 అంకెలూ మాటలలో ఇమిడి ఉన్నాయి. చంద్రుడు ఒక్కడే గనుక 1, వేదాలు నాలుగు గనుక 4, ఆకాశం శూన్యం గనుక 0. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి అంకెలను కుడి నుండి ఎడమకు పేర్చుకోవాలి. మల్లన ఇంటిపేరు ఒక ఊరి పేరు. పూర్వపు ప్రకాశం జిల్లాలో ఇంకొల్లు దగ్గర నేటికీ పావులూరు ఉన్నది.

ఆ చుట్టుపట్ల మిర్చి, పత్తి సాగుచేసే రైతుకు ఈ లెక్క వినోదం కాదు. పురుగుమందుల కోసం నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చాడనుకుందాం. వడ్డీ నెలనెలా అసలులో కలిస్తే, రెండేండ్లకు అప్పు ఇరవై వేలు దాటుతుంది. అంటే రెండేండ్లకొక గడి. పదేండ్లకు అయిదు గళ్ళు దాటి, అప్పు మూడు లక్షల ఇరవై వేలకు పైమాటే. మిర్చి ధర మాత్రం ఏ గడిలోనూ రెట్టింపవుతానని మాట ఇవ్వదు.

రెట్టింపులపై రెట్టింపులుగా వడ్డీ తినవద్దని దివ్య ఖుర్ఆన్ (3:130) విశ్వాసులను ఆదేశిస్తున్నది. అప్పును వ్రాసుకొమ్మని కూడా (2:282) చెబుతున్నది. మొదటి గడిలోని ఒక్క గింజను చూసి రాజు మోసపోయాడు. వేలిముద్ర వేయకముందే చివరి గడి దాకా లెక్క చూసుకున్నవాడు మోసపోడు.