పాత నోటుకి లక్షలొస్తాయా? ముందు మడత చూడండి!

ఒక్క మడత చాలు, పాత నోటు 'అన్‌సర్క్యులేటెడ్' అనే పై గ్రేడు నుంచి జారిపోతుంది. గ్రేడింగ్ కంపెనీలు నోటుకి 1 నుంచి 70 వరకు మార్కులేస్తాయి. 60 దాటాలంటే మడత ఉండకూడదు. ఇరవైల్లో ఉందంటే చాలా చేతులు మారినట్టే.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని, సరదాకి నోట్లు పోగేస్తా. మా బెళుగుప్పకి వెళ్తే ఎవరో ఒకరు నోటు పట్టుకొస్తారు. మొన్న మా చిన్నాయన తెచ్చింది ఆరో జార్జి బొమ్మున్న 1940 నాటి రూపాయి. "వీడియోలో లచ్చ వస్తాదన్నారు నాయనా. బోరు వేయించొచ్చు కదా?" అన్నాడు.

ఫోన్ టార్చ్ పక్కనుంచి ఏటవాలుగా వేశా. మడతలన్నీ నీడగీతల్లా తేలాయి. నిలువుగా మూడు, అడ్డంగా ఒకటి. వెనక వెలుతురు పెడితే పిన్ను బొక్కలు. మన నోట్లకి ఇవి మామూలే లెండి, 2001లో ఆర్‌బీఐ వద్దనేదాకా బ్యాంకులు కట్టలకి పిన్నులు కొట్టేవి. మూలలు అరిగాయి. పైగా ఎవరో ఇస్త్రీ చేశారు! దాంతో గీత దాగదు, కాగితం బిగువు మాత్రం పోతుంది. కడిగినా అంతే. లక్ష మాట మర్చిపొమ్మని చెప్పేశా. కాసేపు ఏమీ మాట్లాడలేదాయన.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఆ వీడియోలోని నంబరుకి చేస్తే 'ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి' అన్నారట. పాత నోట్ల అమ్మకాలకి తాము ఏ ఫీజూ, కమీషనూ అడగమని ఆర్‌బీఐ 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఇంకా కట్టలేదు కాబట్టి సరిపోయింది.

మీ ఇంట్లో దొరికితే తుడవొద్దు, టేపు అంటించొద్దు. పీవీసీ కవరు కాకుండా పాలిస్టర్ కవరులో, ఎండా చెదలూ తగలని చోట పెట్టండి.