వార్తల్లో పదం: కాలేయ మార్పిడి

పూర్తిగా చెడిపోయిన కాలేయాన్ని తొలగించి, దాత నుంచి సేకరించిన కాలేయాన్ని లేదా అందులో కొంత భాగాన్ని అమర్చడమే కాలేయ మార్పిడి. అమెరికా సర్జన్ థామస్ స్టార్జల్ 1963లో డెన్వర్‌లో మనిషికి తొలిసారి ఈ ఆపరేషన్ చేశారు. రోగి మూడేళ్ల బాలుడు; రక్తస్రావం ఆగక ఆపరేషన్ బల్లపైనే కన్నుమూశాడు. 1967లో గానీ విజయం దక్కలేదు. పరిశోధన దారి చూపింది, నిజమే. కానీ ఈ ఆపరేషన్ చేసే విద్య ఒక్కరి చేతిలోనే ఉండిపోతే రోగులకు ఒరిగేదెంత? 1981లో పిట్స్‌బర్గ్ చేరాక ఆయన దేశదేశాల సర్జన్లకు శిక్షణ ఇచ్చారు. ఈ చికిత్స విస్తరించడానికి అదీ ఓ ప్రధాన కారణం.

ఘనతంతా 1980లలో అందుబాటులోకి వచ్చిన సైక్లోస్పోరిన్‌దే అనేవారున్నారు. శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా ఆ మందు అడ్డుకుంది. అయితే రక్తనాళాలను, పిత్తనాళాన్ని కలిపి కుట్టే పని మందు చేయదు. అది గురువు పక్కన నిలబడి నేర్చుకోవాల్సిన విద్యే.