పాట అందరికీ తెలుసు, మొదలు విన్నోడే తెల్వదు

సినిమా పేర్లనే ఒక బూతు ముక్క ఉంది. దాన్ని ఈడ రాయలేను గానీ, మన దిక్కు మాటల చెప్పాలంటే ‘అసలు ఎవడ్రా వాడు?’ అని. 2017ల డ్రూ స్టోన్ అనే డైరెక్టర్ తీసిన డాక్యుమెంటరీ అది. మైఖేల్ అలాగో అనే మనిషి మీద తీసిండు. పోయిన నెల ఓ రాత్రి ఫోన్ల పెట్టిన. పది నిమిషాలు చూసి పండుకుందామనుకున్న, అయిపోయేదాంక కన్ను మూయలే.

ఈ అలాగో పాట పాడలే, గిటార్ వాయించలే. మెటాలికా అనే బ్యాండును పెద్ద కంపెనీకి పట్టుకొచ్చిన మనిషి. గంతే. ఆ ‘గంతే’ల ఎంతుందో చెప్పుదామనే ఇది రాస్తున్న.

ముందుగాల హెవీ మెటల్ ముచ్చట. మనోళ్లల్ల శానమందికి దీని సంగతి తెల్వదు. తెలిసినోళ్లు గూడ ‘గదేం పాటరా, మొత్తుకునుడు’ అంటరు. నేనూ అట్లనే అన్నోన్ని. హాస్టల్ల నా రూమ్మేట్ గా పాటలు పెడ్తె చెవుల్ల దూది పెట్టుకునేటోన్ని. 2011 అక్టోబర్ 30న మెటాలికా బెంగళూరుకొస్తే వాడు రైలెక్కి పోయిండు. వచ్చినంక మూడు దినాలు గొంతు పెగల్లే. తర్వాత్తర్వాత నాకు గూడ సమజైంది. గిటార్ సౌండును కావాలనే పగిలిపోయేటట్టు పెంచుతరు, డ్రమ్ములు ఆగకుండ ఉరుకుతయి. పీరీల కాడ దరువు ముదిరినప్పుడు గుండెల మీద గుద్దినట్టయితది చూడు, దగ్గరదగ్గర అసొంటిదే.

అలాగోది న్యూయార్క్‌ల బ్రూక్లిన్. ప్యూర్టో రికో నుంచి వచ్చిన కుటుంబం. చిన్నప్పటి నుంచే పాటల పిచ్చి. ఇరవై ఏండ్ల వయసుల రిట్జ్ అనే క్లబ్బుల పనికి కుదిరిండు. ఏ రాత్రి ఏ బ్యాండును ఎక్కియ్యాల్నో చూసే పని. 1981ల గా క్లబ్బులనే పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ అనే బ్యాండు పెద్ద తెర కట్టుకొని దాని ఎనుకనే ఉండి వాయించింది. ముందటికి రాలే. టికెట్ కొన్న జనానికి తిక్కలేసి సీసాలు ఇసిరేసిన్రు. అలాగో గసొంటి రాత్రులల్ల పని నేర్చుకున్నడు. స్టేజీ మీద ఏమయితాందో చూసుడు ఒక్కటే కాదు, కింద జనం మొఖాలు చూసుడు గూడ.

1983ల ఎలెక్ట్రా అనే రికార్డు కంపెనీల చేరిండు. ఆ పనిని ‘ఏ అండ్ ఆర్’ అంటరు. కొత్తగా పాడేటోళ్లను ఎతికి కంపెనీకి తెచ్చుడు, వాళ్లకు ఏ పాట సరిపోతదో, ఎవరితోని రికార్డు చేయిస్తే బాగుంటదో చూసుడు. పాట హిట్టయితే పేరు సింగర్‌కు, పైసలు ఎక్కువ కంపెనీకి. ఫట్టయితే మాత్రం ‘దీన్ని తెచ్చిందెవడు?’ అని ఇతన్నే అడుగుతరు.

1984 ఆగస్టు 3. న్యూయార్క్‌ల రోజ్‌లాండ్ అనే హాల్. ఆ రాత్రి రేవెన్, ఆంత్రాక్స్, మెటాలికా మూడు బ్యాండ్లు. అలాగోకు అప్పుడు 24 ఏండ్లు. మెటాలికా ఆట చూసి ఆగలేక స్టేజీ ఎనుకకు పోయిండు. తెల్లారి ఆ నలుగురు పోరగాండ్లను ఆఫీసుకు పిలిపించిండు. బీరు, చైనీస్ తిండి తెప్పించి మాట్లాడిండు. గంతల కతమైందనుకోకున్రి. అప్పట్ల గిసొంటి పాటను రేడియోల ఎయ్యకపోదురు. మొఖాలకు రంగు లేదు, తళుకు బట్టలు లేవు, మొటిమలు, చినిగిన జీన్సులు. గసొంటి పోరగాండ్ల మీద పైసలు పెట్టుమని కంపెనీ పెద్దసారు బాబ్ క్రాస్నోను ఒప్పియ్యాలె. ఒప్పిచ్చిండు. అప్పటికే వచ్చిన ‘రైడ్ ద లైట్నింగ్’ ఆల్బమ్‌ను అదే ఏడు నవంబర్‌ల ఎలెక్ట్రా మళ్ల రిలీజ్ చేసింది. 1986ల ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ రేడియో ఆసరా లేకుండనే అమెరికాల 5 లక్షలు దాటింది. 1991ల బ్యాండు పేరు మీదనే వచ్చిన నల్ల అట్ట ఆల్బమ్ ఆ ఒక్క దేశంలనే కోటిన్నర దాటి అమ్ముడువోయింది.

ఈడ ఒక మాట చెప్పకుంటే తప్పైతది. అలాగో కంటె ముందే విన్నోళ్లున్నరు. న్యూజెర్సీల జాన్ జజూలా, ఆయన భార్య మార్షా అంగట్ల చిన్న రికార్డుల దుకాణం నడుపుతుండె. మన వారం సంతసొంటి అంగడే. 1982ల మెటాలికా రికార్డు చేసిన డెమో క్యాసెట్టు వాళ్ల చేతికొచ్చింది. విన్నరు, ఆ పోరగాండ్లను దేశం ఆ చివర నుంచి పిలిపించుకున్నరు. ఏ కంపెనీ ముట్టకుంటే వాళ్లే మెగాఫోర్స్ అని సొంత కంపెనీ పెట్టి 1983ల మొదటి ఆల్బమ్ తెచ్చిన్రు. నన్నడిగితె ఆ అంగడి దుకాణం మీద ఇంకో సినిమా తియ్యాలె.

అలాగో మెటల్ ఒక్కటే విన్నోడు కాదు. నినా సిమోన్ ఆఖరి స్టూడియో ఆల్బమ్, 1993ల వచ్చిన ‘ఎ సింగిల్ ఉమన్’ ఎనుక ఉన్నదీ ఇతనే. దానికి ఏడాది ముందు జెఫెన్ అనే కంపెనీల ఉండి వైట్ జాంబీ బ్యాండును ముందటికి తెచ్చిండు. గా అరుపుల పాటను, గీ నల్లజాతి పెద్దామె గొంతును ఒకే చెవి మెచ్చింది.

సినిమాల నన్ను పట్టి ఆపింది మాత్రం వేరే. అలాగో గే. మెటల్ లోకమంటే కండలు, తోలు జాకెట్లు, మొగతనం చూపిచ్చుకునుడు. జూడాస్ ప్రీస్ట్ బ్యాండు సింగర్ రాబ్ హాల్ఫర్డ్ అంతటోడు తను గే అని బయటికి చెప్పనీకె 1998 దాంక పట్టింది. ఇతను మాత్రం అంతకు ముందు నుంచే దాచుకోకుండ ఆ గుంపుల తిరిగిండు. తాగుడు, మత్తుమందుల పాలైండు. హెచ్‌ఐవి వచ్చింది, ఎయిడ్స్‌దాంక ముదిరి చావు అంచుకు పోయిండు. కొత్త మందులు వచ్చినంక తేరుకున్నడు. తాగుడు బందు పెట్టి, కెమెరా పట్టి, ఫొటోల పుస్తకాలు తెచ్చిండు. సినిమాల దోస్తులు పొగుడుడు జర ఎక్కువే, అది నాకు నచ్చలే. గానీ జేమ్స్ హెట్‌ఫీల్డ్ అసొంటోడు ఇతని గురించి చెప్తుంటె ఆ మొఖంల నటన కనపడలే.

ఇగ మన ముచ్చట. మా చిన్నమ్మ బిడ్డ నాట్లల్ల పాడుకుంట పెరిగింది. యూట్యూబ్ ఛానెలోళ్లెవరో విని పిలిచిన్రు, ఒక పాట పాడిచ్చిన్రు. లక్షల మంది చూసిన్రు. చెల్లెకు ఒక్కపారి మూడు వేలిచ్చిన్రు, పేరు కింద ఏడనో చిన్నగ ఏసిన్రు. కాయితం మీద సంతకం తీసుకున్నరట, అండ్ల ఏమున్నదో చదవలే. ఆమె గొంతును వాళ్లు గుర్తువట్టింది నిజమే, దాన్ని కాదనను. గానీ గుర్తువట్టుడు వేరు, గుంజుకునుడు వేరు.

పెద్ద కంపెనీలేం ధర్మసత్రాలు కాదు. అడ్వాన్సు ఇస్తరు, అది మనకు రావాల్సిన రాయల్టీలకెల్లి కోసుకుంటరు. అది తీరేదాంక చేతికి పైస రాదు. ‘మాస్టర్’ అంటే ఆ అసలు రికార్డింగ్. దాని హక్కు ఎవరిదో కాయితంల రాసి ఉంటది, అదే అసలు గుట్టు. అలాగో తెచ్చినోళ్లు గూడ గిసొంటి కాయితాల మీదనే సంతకం పెట్టిన్రు. మెటాలికాకు బలం వచ్చినంక 1994ల ఎలెక్ట్రా మీదనే కోర్టుకెక్కి, మంచి ఒప్పందం రాయించుకున్నది. మన దేశంల గూడ 2012ల కాపీరైట్ చట్టం మార్చిన్రు. పాటను వ్యాపారానికి వాడుకుంటే పాడినోళ్లకూ రాయల్టీ హక్కుందని అండ్ల ఉంది. ఊర్లల్ల పాడేటోళ్లకు ఈ ముచ్చట చెప్పేటోళ్లే లేరు.

చెల్లెను మళ్ల ఇంకో ఛానెలోళ్లు పిలిచిన్రు. ఈసారి సంతకం పెట్టకముందే కాయితం ఫొటో తీసి నాకు వాట్సాప్‌ల పంపింది. నాలుగు పేజీలు, మొత్తం ఇంగ్లీషే. రాత్రి నుంచి చదువుతున్న, మూడో పేజీ కాడ ఆగిన.