ఆదాయపు పన్ను: ఆలస్యము, పొరపాటు, మోసము

ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు తన కష్టార్జితమును బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్టుగా ఉంచెననుకొందము. “వడ్డీలో బ్యాంకువారే పన్ను పట్టుకొనిరి గదా, ఇక నాకేమి పని?” అని ఆయన రిటర్ను దాఖలు చేయక ఊరకుండును. బ్యాంకు సాధారణముగా పట్టుకొనునది వడ్డీలో పదవ వంతు. పింఛనును, వడ్డీని కలిపి లెక్కించినచో చెల్లింపవలసిన పన్ను అంతకంటె హెచ్చు కావచ్చును. ఆ వడ్డీ వివరములు బ్యాంకునుండి ప్రభుత్వమునకు చేరుచునే యుండును. కొంతకాలమునకు నోటీసు వచ్చును. ఇంటిల్లిపాదియు కలవరపడుదురు.

ఈ కలవరమునకు మూలము తరచుగా తెలియకపోవుటయే. చట్టము అన్ని తప్పులను ఒకే త్రాసులో తూచదు. ఆలస్యము వేరు, తక్కువ చూపుట వేరు, మోసము వేరు.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టము స్థానమున 2025లో పార్లమెంటు నూతన చట్టము చేసినది. దాని అమలునకు 2026 ఏప్రిల్ 1 ప్రారంభ దినముగా నిర్ణయింపబడినది. అంతకు ముందటి సంవత్సరముల ఆదాయమునకు పాత చట్టమే వర్తించును గనుక, ఆ చట్టములోని పద్ధతినే ఇచట వివరింతును.

మొదటిది ఆలస్యము. రిటర్ను దాఖలు చేయవలసినవారు గడువు దాటినచో 5,000 రూపాయల రుసుము చెల్లింపవలెను. మొత్తము ఆదాయము 5 లక్షలకు మించనిచో 1,000 రూపాయలు చాలును. బాకీ పడిన పన్నుపై నెలకు 1 శాతము వడ్డీ. నెలలో ఒక్క దినము గడచినను పూర్తి నెలగనే లెక్క. వ్యాపార నష్టమును రాబోవు సంవత్సరముల లాభములో తగ్గించుకొను హక్కు కూడ పోవును.

రెండవది, ఆదాయమును తక్కువ చూపుట. దీనికి జరిమానా, తగ్గిన పన్నులో సగము. మూడవది, దొంగ రసీదులు, లేని ఖర్చులు, లెక్కకెక్కని రాబడి. దీనికి జరిమానా 200 శాతము. తగ్గిన పన్ను 20,000 రూపాయలైనచో, రెండవ తరగతిలో జరిమానా 10,000, మూడవ తరగతిలో 40,000. అసలు పన్నును, వడ్డీని ఎటులైనను చెల్లింపవలసినదే. బుద్ధిపూర్వకముగా ఎగవేసినవారిపై క్రిమినల్ కేసు నడచి జైలుశిక్ష కూడ పడవచ్చును.

అయినను, జరిమానా విధించుటకు ముందు సంజాయిషీ చెప్పుకొను అవకాశము ఇయ్యవలెనని చట్టమే శాసించుచున్నది. సంగతులన్నియు దాచక తెలిపి, సద్భావముతో వివరణ ఇచ్చి అధికారిని ఒప్పించినవారికి రెండవ తరగతి జరిమానా తప్పును. నోటీసు రాకముందే తప్పు దిద్దుకొనువారికి 2022లో మరియొక దారి ఏర్పడినది. దాని పేరు అప్‌డేటెడ్ రిటర్ను. దానితో పన్నును, వడ్డీని, వాటిపై అదనపు మొత్తమును చెల్లింపవలెను. మొదటి సంవత్సరములో ఈ అదనము 25 శాతము. 2025లో గడువు నాలుగేండ్లకు పెరిగినది. ఆలస్యమైనకొలది అదనము 70 శాతము వరకు పోవును.

మన ఉపాధ్యాయుడు చేయవలసిన పని సులభమే. నోటీసును బీరువాలో దాచరాదు. బ్యాంకు లెక్కలు ముందు పెట్టుకొని, గడువులోగా ఉన్నది ఉన్నట్లు జవాబు వ్రాయవలెను. “దొంగ రసీదు పెట్టి సొమ్ము వెనుకకు తెప్పింతును” అను మధ్యవర్తిని గడప తొక్కనీయరాదు. రిటర్నును ఎవరు నింపినను దాని బాధ్యత పన్ను చెల్లింపవలసిన వారిదే. చిన్న పొరపాటును మోసముగా పెంచుకొనుటయో, నిజము చెప్పి అక్కడితో ముగించుకొనుటయో ఆయన చేతిలోనే యున్నది.