బొమ్మ ఎక్కినంత ధర ఎక్కిందా?

హైదరాబాద్: అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాల బోర్డులపై ఎక్సెల్, పవర్ బి.ఐ., టాబ్లో పేర్లు కనబడుతూనే ఉంటాయి. అంకెలను బొమ్మలుగా మార్చే విద్య ఇది. ఉద్యోగార్థుల కోసం నడిచే ఈ క్లాసులతో సరుకుల వర్తకులకు పనేమిటని అనుకోనక్కరలేదు. నిజామాబాద్ పసుపు, గుంటూరు మిర్చి గ్రాఫులు బ్రోకర్ల నుంచి సెల్‌ఫోన్లకు వచ్చి పడుతున్నవి. సరుకును గోదాములోనో కోల్డ్ స్టోరేజీలోనో పెట్టి, దానిపై బ్యాంకు అప్పు తెచ్చిన వర్తకుడు అమ్మాలా, ఆగాలా అన్నది ఒక్కొక్కసారి ఆ బొమ్మను చూసే తేల్చుకొంటాడు.

క్వింటాలు పసుపు రూ. 12,000 నుంచి రూ. 12,300కు పెరిగిందనుకొందాము. పెరుగుదల రెండున్నర శాతం. సున్నా నుంచి గీస్తే రెండు స్తంభాలూ దాదాపు సమానంగా ఉంటాయి. అడుగు కోసివేసి రూ. 11,900 వద్ద మొదలుపెడితే రెండవ స్తంభం మొదటిదానికి నాలుగింతలు! రాసిన అంకెలు సరియైనవే. చూసినవాడు మాత్రం ధర ఎగబాకిందనుకొని సరుకు ఆపుకొంటాడు. కంప్యూటరు కొన్నిసార్లు తనంతట తానే ఈ కోత పెడుతుంది కనుక పంపేముందు చూసుకోవాలి. గీత గ్రాఫు సంగతి వేరు. వందా రెండు వందల తేడాతో లాభనష్టాలు తేలే వ్యాపారంలో సున్నా నుంచి గీసిన గీత బల్లపరుపుగా ఉండి ఏమీ చెప్పదు. అక్కడ కోత పెట్టవచ్చు, కాని పెట్టినట్లు రాయాలి.

సగటు ధరతో మరొక చిక్కు. యార్డుకు వచ్చిన 100 బస్తాలలో 10 బస్తాల మేలురకం క్వింటాలు రూ. 15,000కు, మిగిలిన 90 బస్తాలు రూ. 11,000కు పోయినవనుకొందాము. గరిష్ఠ, కనిష్ఠ ధరలు కలిపి సగం చేస్తే రూ. 13,000. ఆ ధరకు ఆ రోజు ఒక్క బస్తా కూడా అమ్ముడుపోలేదు! బస్తాల లెక్కన అసలు సగటు రూ. 11,400. అందుకే మార్కెట్ పట్టికలలో ‘మోడల్’ ధర, అనగా ఎక్కువ సరుకు పోయిన ధర, విడిగా ఇస్తారు. పతాకశీర్షికకు ఎక్కేది మాత్రం సాధారణంగా గరిష్ఠ ధరే. పసుపులో కాడి, గోళ ధరలు వేరు. రెంటినీ ఒకే గీతలో కలిపితే దానితో ఎవరికీ ఉపయోగం లేదు. ధర కింద రాబడి కూడా చూపాలి. రాబడి పలచబడిన రోజు పెరిగిన ధరను, నిండు యార్డులో పెరిగిన ధరను ఒకే విధంగా చూడరు కదా.

పంజగుట్టలో బంగారం

అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక్క స్టేషను దూరాన పంజగుట్ట నగల దుకాణాలున్నవి. దుకాణాలలో ధర 22 క్యారెట్లకు, గ్రాము లెక్కన చెబుతారు. ఎం.సి.ఎక్స్. బంగారం ఫ్యూచర్స్ ధర 995 స్వచ్ఛతకు, 10 గ్రాముల లెక్కన, జి.ఎస్.టి. లేకుండా ఉంటుంది. ఈ తేడాలు రాయకుండా రెంటినీ పక్కపక్కన పెట్టే పట్టికలు కూడా చూస్తున్నాము. 2024 జూలై 23న కేంద్ర బడ్జెట్ దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించగానే దేశంలో బంగారం ధర పడిపోయింది. ఆ తేదీ దగ్గర ‘సుంకం తగ్గింపు’ అన్న ముక్క లేని గ్రాఫు చూస్తే ప్రపంచ మార్కెట్టే కూలిందనిపిస్తుంది.

ఈ విద్య పాతదే. స్కాట్లండుకు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లోనే ఇంగ్లండు ఎగుమతి, దిగుమతులను గీతలుగా గీశాడు. 1821లో గోధుమ ధరను స్తంభాలుగా, పనివాని వారపు కూలిని గీతగా ఒకే పటంలో చూపి, కూలితో పోల్చితే గోధుమ మునుపెన్నడూ ఇంత చౌకగా లేదని వాదించాడు. ధర ఒక్కటే గీసి ఉంటే ఆ మాట పటంలో కనబడేది కాదు.

సమావేశాలలో కాగితాలు పంచే కమీషన్ ఏజెంట్లకు మరొక సంగతి. తెరపై అందంగా కనబడే ఎరుపు, ఆకుపచ్చ గీతలు జిరాక్సులో రెండూ నలుపే. ఒక గీతను చుక్కలుగా వేసి, గీత చివరనే సరుకు పేరు, తేదీ, ‘క్వింటాలుకు’ అన్న మాట రాస్తే వెనుక వరుసలో కూర్చున్నవారు పక్కవారిని అడగవలసిన పని ఉండదు.