పాత ప్లేట్లలోని స్వరాలు, మన ఇంటి స్వరాలు

గ్రామఫోను అనగానే మన పెద్దలకు పెద్ద బాకా, దాని ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మ జ్ఞాపకం వస్తాయి. పిడి తిప్పి, ముల్లు మార్చి, ప్లేటు వేస్తే సుమారు 3 నిమిషాలు పాట వచ్చేది. తరువాత ప్లేటు తిరగవేయాలి. ఊరిలో ఒక్క ఇంట ఆ పెట్టె ఉంటే వీధంతా ఆ అరుగు మీదనే చేరేది. ఇప్పుడు ఆ ప్లేట్లలోని పాటలు, మాటలు డౌన్‌లోడ్ రూపంలో మన చేతిలోని సెల్‌ఫోనులోకే దిగివస్తున్నాయి. ఇది సంతోషించవలసిన సంగతి. అయితే దీనిలో మన కుటుంబాలు ఆలోచించవలసిన సంగతి కూడా ఒకటి ఉన్నది.

హానోవర్ నుండి కలకత్తాకు

గ్రామఫోనును కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్ జర్మనీలోని హానోవర్ పట్టణంలో పుట్టినవాడు. 1898లో అదే పట్టణంలో ప్లేట్లు అచ్చు వేసే కర్మాగారం నెలకొన్నది. అదే డాయిష్ గ్రామఫోన్ సంస్థ. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు లండనులోని గ్రామఫోన్ కంపెనీ తరఫున కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ అనే గాయని పాటలు మైనం పలకల మీద పట్టుకున్నాడు. ఆ పలకలు ఓడలో హానోవర్ చేరి, ప్లేట్లుగా అచ్చయి, మరల మన దేశానికి వచ్చాయి. పాట చివర ఆమె తన పేరు తానే చెప్పేది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం తెరిచిన తరువాత ప్లేట్లు ఇక్కడనే తయారుకాసాగాయి.

ఆ ప్లేట్లు లక్కతో, రాతిపొడితో చేసినవి. గాజులు చేసే లక్కే అది. చెయ్యి జారితే పగిలిపోయేవి. అయినా వాటి మీదనే మన తెలుగు నాటక పద్యాలు ఊరూరా తిరిగాయి. మన పొరుగున ఉన్న బాపట్లలో 1902లోనే పుట్టిన స్థానం నరసింహారావు గారు రంగస్థలం మీద స్త్రీ పాత్రలు ధరించి పేరుగాంచారు. ఆయన గొంతు కూడా ప్లేటుకెక్కింది. కనుకనే ఆయన నాటకం ఎన్నడూ చూడనివారు కూడా ఆ గొంతును నేడు వినగలుగుతున్నారు.

కలకత్తాలోని గ్రామఫోన్ కంపెనీ 2000లో సరేగమ అని పేరు మార్చుకొని, పాత పాటల నిధిని ఇంటర్నెట్ ద్వారా అందిస్తున్నది. హానోవర్‌లో పుట్టిన సంస్థ 2007లో తన శాస్త్రీయ సంగీత రికార్డింగులను, దుకాణాలలో దొరకకుండా పోయినవాటితో సహా, డౌన్‌లోడ్‌గా అమ్మసాగింది. ఒకప్పుడు ఓడలలో నెలల తరబడి ప్రయాణం చేసిన పాట ఇప్పుడు నిమిషంలో వేటపాలెం చేరుతున్నది.

ప్లేటుకెక్కిన ఉపమానం

మన సంఘాల వారు తప్పక తెలుసుకోదగిన ప్లేట్లు మరికొన్ని ఉన్నాయి. అవి అమ్మకానికి చేసినవి కావు. సర్ జార్జి గ్రియర్సన్ భారతదేశపు భాషలన్నిటినీ సర్వే చేసినప్పుడు, ఒక భాషను మరొక భాషతో పోల్చి చూడడానికి అందరి చేతా ఒకే కథ చెప్పించాలనుకున్నాడు. అందుకు ఎన్నుకొన్నది లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానం. తండ్రి, ఇద్దరు కుమారులు, ఆస్తి పంపకం, కరువు, తిరిగి ఇల్లు చేరడం: ఏ పల్లెలోనైనా అర్థమయ్యే కథ కదా! ఆ సర్వే 1906లో అచ్చువేసిన 4వ సంపుటంలో, చాందా జిల్లాకు వలస వెళ్లిన సాలెవారి తెలుగును గూర్చి కూడా ప్రత్యేకంగా వ్రాశారు. మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మన వేటపాలెం, చీరాల కుటుంబాలకు ఇది ముచ్చటైన విషయం.

తరువాత 1913 నుండి 1929 వరకు ఆయా ప్రాంతాల ప్రభుత్వాలు దేశభాషలను గ్రామఫోను ప్లేట్ల మీదకు ఎక్కించాయి. అనేక ప్లేట్లలో ఈ ఉపమానమే వినిపిస్తుంది. మద్రాసు రాజధాని భాషల ప్లేట్లు, వాటిలో మన తెలుగు కూడా ఉన్నాయి. నేడు చికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణ ఆసియా డిజిటల్ గ్రంథాలయం ఆ పాత ధ్వనులను ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంచింది. మన తాతముత్తాతల కాలపు మాటతీరు ఎలా ఉండేదో చెవులారా వినవచ్చును.

దాచినదే దిగివచ్చును

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎవరో ఒకరు దాచిపెట్టినదే నేడు డౌన్‌లోడ్ అవుతున్నది. మా వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం పాత పత్రికలను, పుస్తకాలను జాగ్రత్తపరచినందువలననే దూర ప్రాంతాల నుండి పరిశోధకులు ఇక్కడికి వెదుక్కుంటూ వచ్చారు. కాగితానికైనా స్వరానికైనా ఇదే న్యాయం.

మరి మన పాటల సంగతి ఏమిటి? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి వంటి భక్తులు మన దేశీయ రాగాలలో కీర్తనలు వ్రాశారు. పాట పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. కాని ఆ పాటను మన పల్లెలో ఏ వరుసలో పాడేవారో ఆ పేర్లు చెప్పవు. ఎక్కడ గొంతు సాగదీయాలో, ఎక్కడ తాళం అందుకోవాలో, అది మన సంఘంలోని ముసలి అమ్మమ్మల గొంతులో మాత్రమే ఉన్నది. మిరపకోతలో, పత్తితీతలో కూలికి వెళ్లినప్పుడు వారు పాడుకొన్న వరుసలు ఏ కంపెనీ ప్లేటుకూ ఎక్కలేదు. అమ్ముడుపోయే పాటల కోసమే కంపెనీ వచ్చింది గాని, మన పాకల వద్దకు బాకా పట్టుకొని ఎవరూ రాలేదు. ఒక అమ్మమ్మను సమాధి చేసిన దినాన ఆ వరుస కూడా ఆమెతోనే వెళ్లిపోతుంది. ఏ ఇంటర్నెట్‌లో వెదికినా అది మరల దొరకదు.

మనం చేయదగినవి

ఇంట్లో పాత ప్లేట్లు ఉంటే స్పిరిటుతో తుడవవద్దు. స్పిరిటులో లక్క కరిగిపోతుంది. మెత్తని పొడిబట్ట చాలును. ఒకదాని మీద ఒకటి పేర్చక, పుస్తకాలవలె నిలబెట్టి ఉంచండి. రోహిణీ కార్తె ఎండకు రేకుల షెడ్డులో అవి వంగిపోగలవు.

కేసెట్లకు వానకాలపు చెమ్మ శత్రువు. పెండ్లి పాటలు, కూటముల పాటలు, చనిపోయిన తండ్రిగారి ప్రార్థన వంటివి వాటిలో ఉంటే బూజు పట్టకముందే తెలిసినవారి చేత కంప్యూటరులోకి ఎక్కించండి. ఒక ప్రతి ఇంటిలో, మరొక ప్రతి వేరొక ఊరిలోని బంధువుల వద్ద ఉంచండి.

డౌన్‌లోడ్ చేసుకొనేటప్పుడు న్యాయం తప్పవద్దు. మన దేశ చట్టం ప్రకారం రికార్డుపై హక్కు, అది వెలువడిన మరుసటి సంవత్సరం నుండి 60 సంవత్సరాలు ఉంటుంది. పాట వ్రాసినవారి హక్కు వేరు. అది వారి మరణం తరువాత కూడా 60 సంవత్సరాలు నిలుస్తుంది. ఉచితంగా ఇచ్చినది సంతోషంగా తీసుకొందాము. వెల పెట్టినదానికి వెల చెల్లించుదాము.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత మన యౌవనస్థులు ఇద్దరిద్దరుగా పెద్దల ఇండ్లకు వెళ్లి, ఫ్యాను ఆపి, ఫోను దగ్గరగా పెట్టి ఒక్క కీర్తన పాడించుకోవాలి. చివర వారి పేరు, ఊరి పేరు, ఆ వరుస ఎవరి వద్ద నేర్చుకున్నారో వారి నోటనే చెప్పించాలి. 1902లో గౌహర్ జాన్ చేసిన పని ఇదే కదా! గొంతు వణికినా, పల్లవి మధ్యలో దగ్గు వచ్చినా ఫరవాలేదు. "నాకేమి వచ్చునయ్యా" అని పెద్దలు వెనుకాడతారు. కొంచెం ఓపికపట్టి బ్రతిమాలండి. ఈ సంవత్సరం పాడగలిగిన వారందరూ వచ్చే సంవత్సరం పాడగలరని చెప్పలేము.